ప్రమీలమ్మ పథ్యం

మాచర్లలో రైలు పట్టాలకు అవతలి వీధిలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాక తప్పనిసరిగా వెళ్ళే ఇల్లు ఇంకొకటి ఉంది. అది ప్రమీలమ్మ ఇల్లు. ఆమె మందులివ్వదు. మందులివ్వడం డాక్టర్ల పని, అదేమంత గొప్ప పని కాదని ఆమె అభిప్రాయం. ఆమె ఇచ్చేది పథ్యం. ఏం తినాలో చెప్పడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టదు. ఏం తినకూడదో చెప్పాలంటే మాత్రం పీట వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఎదుటి మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెడుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, శనగపిండి వద్దు, పెరుగు వద్దు. అన్నీ విన్నాక, ‘మరి ఏం తిని బతకాలి పిన్నీ?’ అని ఎవరైనా ఏడుపు మొహం పెడితే ఆమె మొహం వెలిగిపోతుంది. పథ్యం గట్టిదని అప్పుడు ఆమెకు నమ్మకం కుదురుతుంది.

ఈ విద్య ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. కారెంపూడిలో ఆమె తల్లి కామెర్లకు పసరు మందు పోసేది. ఆదివారాలు వాకిలి నిండా పచ్చటి కళ్ళ జనం. గొంతులో పసరు పోయడం క్షణంలో అయిపోయేది. ఆ తర్వాత పథ్యం చెప్పడం మొదలయ్యేది, అది ఒక పట్టాన తెమిలేది కాదు. రోగం తగ్గితే పసరు గొప్పది. తగ్గకపోతే, ‘యాడో పథ్యం తప్పుంటావు, గుర్తు తెచ్చుకో’ అనేది ఆ తల్లి. వెతికితే తప్పు దొరకని మనిషి భూమ్మీద ఉంటాడా? ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు నాలిక మీద ఉప్పురవ్వ వేసుకునే ఉంటాడు. తల వంచుకుని ఒప్పుకునేవాడు. ఆ విధంగా ఆవిడ పోసిన మందు ఆవిడ బతికున్నంత కాలం ఒక్కసారి కూడా ఓడిపోలేదు. పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ ప్రమీలమ్మ చిన్నప్పుడే ఈ కిటుకు వంటబట్టించుకుంది. కిటుకు అని ఆమెకు తెలియదు, అదే వైద్యమనుకుంది.

పెళ్ళై మాచర్ల వచ్చాక బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరింది. అక్కడ ఆమె గరిటెకు ఎదురు లేదు. ఉడికిన గుడ్డు వద్దన్న పిల్లలు ఆమె ఒక చూపు చూస్తే గుడ్డుతో పాటు పెంకు కూడా తినేట్టు ఉంటారు. హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య గారు గ్యాస్ ట్రబుల్ ఉందని ఒకసారి పొరపాటున ఆమె ముందు నోరు జారారు. అప్పటి నుంచి ఆయన స్టాఫ్ రూమ్ తలుపు దగ్గరికి వేసుకుని గానీ మిర్చి బజ్జీ తినలేదు.

ఇంతమందిని ఏలిన ప్రమీలమ్మకు అసలైన ప్రజ మాత్రం ఒక్కడే, ఆమె మొగుడు గురునాథం. ఊరి చివర నాపరాళ్ళ యార్డులో మేస్త్రీ. క్వారీ నుంచి వచ్చిన బండల్ని సైజుల వారీగా పేర్పించి, లారీలకు ఎక్కించే వరకు అతని బాధ్యత. యార్డులో అతని గొంతు మోగితే డ్రైవర్లు బీడీలు పారేసి లేచేవాళ్ళు. ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చాడంటే ఆ గొంతు ఎక్కడ పెట్టి వచ్చాడో తెలియదు. చెప్పులు ఎక్కడ విడవమంటే అక్కడ విడుస్తాడు, ఏది పెడితే అది తింటాడు, చాలంటే చాలంటాడు. దీన్ని చేతగానితనం అనుకునేవాళ్ళు వీధిలో ఉన్నారు. నేనైతే అనుకోను. కొందరు మగవాళ్ళు పెళ్ళాం మాట వినడంలోనే తమ ప్రేమంతా పెట్టేస్తారు, వేరే రకంగా చెప్పడం వాళ్ళకు రాదు.

ఒక రోజు లారీకి బండలు ఎక్కిస్తుండగా గురునాథానికి కళ్ళు బైర్లు కమ్మి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. వీధి చివర ప్రాక్టీసు చేసే జమాల్ వచ్చి బీపీ చూశాడు. చదువుకున్న డాక్టరు కాదు గానీ, తనకు తెలియనిది తెలియదని చెప్పేపాటి మంచితనం ఉన్నవాడు. “పెద్దమ్మా, చానా ఎక్కువుంది. నా వల్ల కాదు, నరసరావుపేట తీసుకుపోండి” అన్నాడు.

నరసరావుపేటలో గుండె డాక్టరు సుకన్య చిన్న వయసు మనిషి. పరీక్షలన్నీ చేయించి, గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయని చెప్పి, ఒక బిళ్ళ రాసింది. “ఇది ఒంట్లో ఎక్కువైన ఉప్పూ నీరూ ఒంటేలుకు పంపించేసే బిళ్ళ. పొద్దున పూట ఒకటి వేసుకోండి. పచ్చళ్ళు, అప్పడాలు తగ్గించండి. రెండు వారాల తర్వాత వచ్చి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. అది మర్చిపోవద్దు” అంది.

ప్రమీలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “పథ్యం చెప్పండి డాక్టరమ్మా.”

“ప్రత్యేకంగా పథ్యం ఏమీ లేదమ్మా. ఉప్పు తగ్గిస్తే చాలు. కూరగాయలు, పండ్లు బాగా తినొచ్చు.”

“అరటిపండు?”

“తినొచ్చు. మంచిది కూడా.”

“కొబ్బరినీళ్ళు?”

“తాగొచ్చు.”

ప్రమీలమ్మ మొహంలో కళ తప్పింది. తిరుగు బస్సు పిడుగురాళ్ళ దాటింది. దాటాక అంది, “చిన్నపిల్ల. పుస్తకాలు చదివొచ్చింది పాపం. పథ్యం లేని మందు ఏడన్నా ఉంటదా?”

గురునాథం కిటికీలోంచి సున్నపు బట్టీల పొగ చూస్తూ తల ఊపాడు. తినొచ్చు, తాగొచ్చు అన్న మాటలు అతని చెవికి మాత్రం బాగానే తగిలాయి. వాటిని అతను లోపల దాచుకున్నాడు.

డాక్టరు చెప్పని పథ్యాన్ని సంపాదించడం ప్రమీలమ్మకు పెద్ద పనేమీ కాలేదు. నాలుగిళ్ళ అవతల కోటేశ్వర్ అనే లారీ డ్రైవరు ఉన్నాడు. కిడ్నీలు రెండూ చెడిపోయి గుంటూరులో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అతని పెళ్ళాం సరితను పలకరించడానికి వెళ్ళిన ప్రమీలమ్మ అక్కడ తన జన్మలో ఎన్నడూ వినని పథ్యం వింది. అరటిపండు ముట్టకూడదు. కొబ్బరినీళ్ళు చుక్క తాగకూడదు. బత్తాయి, టమాటా, ఆలుగడ్డ దగ్గరికి రాకూడదు. ఆకుకూరలూ కాయగూరలూ ముక్కలు కోసి, నానబెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి, ఆ నీళ్ళు కూడా వార్చి, మిగిలిన పిప్పి వండుకోవాలి.

సరిత కన్నీళ్ళు పెట్టుకుంటూ చెబుతోంది. ప్రమీలమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది గానీ, లోపల ఆమె మనసు ఎగిరి గంతేసింది. పథ్యమంటే ఇదీ! కూరగాయని శిక్షించి శిక్షించి తినాలి. గుంటూరు పెద్ద డాక్టరు చెప్పిన పథ్యం ఉండగా నరసరావుపేట చిన్నపిల్ల మాటలు ఎవరికి కావాలి? రోగం వేరు కదా అన్న అనుమానం ఆమెకు రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన వెంటనే దానికి సమాధానం కూడా వచ్చింది. కోటేశ్వర్‌ది ఒంటేలు తయారు చేసే చోట రోగం. గురునాథానిది ఒంటేలు పోయించే బిళ్ళ. రెండూ ఒకే డిపార్టుమెంటు. ఒకే డిపార్టుమెంటుకు రెండు రూల్సు ఎట్లా ఉంటాయి?

ఆ రాత్రి నుంచే గురునాథం కంచంలో పాలకూర రంగు మారిపోయింది. బీరకాయ, సొరకాయ, దొండకాయ అన్నీ ఒకే రుచికి వచ్చాయి. అది అసలు రుచే కాదనుకోండి. గురునాథం కలుపుకుని తిన్నాడు. ఎట్లా ఉందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

రోజులు గడిచేకొద్దీ బీపీ చక్కగా దిగింది. జమాల్ చూసి “కుర్రోడి బీపీ పెద్దమ్మా!” అన్నాడు. ప్రమీలమ్మ వీధి వీధంతా వినపడేట్టు నవ్వింది. బిళ్ళ సంగతి ఆమె ఎక్కడా ఎత్తలేదు. కూరలు వార్చే పద్ధతి మాత్రం అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పింది. రక్తపరీక్షకు రమ్మన్న రోజు వచ్చింది, పోయింది. “బాగున్న మనిషి ఒంట్లోంచి రక్తం తీయడమెందుకు? అసలే నీరంతా పోతంది” అంది. గురునాథానికి సూదంటే భయం కాబట్టి ఈ ఒక్క విషయంలో అతను మనస్ఫూర్తిగా ఆమె మాట విన్నాడు.

ఇంతటి పథ్యం కింద ఆ మనిషి అంత హుషారుగా ఎట్లా ఉన్నాడో ప్రమీలమ్మకు తెలియని కారణం ఒకటుంది. బస్టాండు దగ్గర అమీనా బీ పండ్ల బండి. యార్డు నుంచి ఇంటికి వచ్చే దారిలో గురునాథం రోజూ అక్కడ సైకిల్ ఆపేవాడు. బండి వెనకాల, ఇంటి వైపు వీపు పెట్టి నిలబడి, రెండు అరటిపండ్లు తినేవాడు. ఎండ బాగా కాసిన రోజు పక్కన కొబ్బరి బోండాం కూడా కొట్టించుకునేవాడు. మూతి తుడుచుకుని, నాలుగు చుక్కలు నీళ్ళు పుక్కిలించి, నేరస్థుడిలా సైకిలెక్కేవాడు. చాటుగా కల్లు తాగేవాళ్ళను, చీట్లపేక ఆడేవాళ్ళను అమీనా బీ చూసింది. పెళ్ళాం చాటున అరటిపండు తినే మనిషిని ఇతన్నే చూసింది. “ఏంది భాయ్, ఇంట్లో పండు తేరా?” అని అడిగితే, “తేరు బీబీ, పథ్యం” అని గుటుక్కున మింగేవాడు.

బడికి ఇంకా సెలవులు ఇవ్వకముందే వేసవి ముదిరింది. ఆ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, యార్డులో బండ మీద చెయ్యి పెడితే చర్మం ఊడి వచ్చేది. అప్పుడు జరిగింది ఆ సంఘటన.

సంతలో సరుకులు తీసుకుని ప్రమీలమ్మ షేర్ ఆటోలో వస్తోంది. బస్టాండు దగ్గర ఆటో ఆగింది. ఎదురుగా తన మొగుడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది, చేతిలో సగం వొలిచిన పండు ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. గురునాథం నమలడం ఆపేశాడు గానీ మింగడానికి ధైర్యం చాలలేదు, ఉమ్మడానికి మనసు రాలేదు.

ప్రమీలమ్మ సరుకుల సంచీ ఆటోలోనే వదిలేసి దూకింది.

“ఏందయ్యా ఇది? ఏందంట? నేను పొద్దస్తమానం పొయ్యి కాడ చచ్చి వండిపెడతంటే నువ్వు ఈడ దొంగతిండి తింటన్నావా?”

“ఒక్కటే లేవే...” అన్నాడతను బుగ్గ నిండా పండుతో.

“ఒక్కటి కాదక్కా, రోజూ రెండు” అంది అమీనా బీ, అబద్ధం అలవాటు లేని మనిషి. అంతటితో ఆగినా బాగుండేది. “పండే గదా, పాషాణమా? తింటే తిననీ” అని కూడా అంది.

“పాషాణమే! ఈయనకది పాషాణమే! నీ బేరం కోసం నా పసుపు కుంకుమలు తీస్తావా? ఇంకోసారి ఈయనకు పండిచ్చావంటే ఈయన ప్రాణం నీ మెడకు చుట్టుకుంటది, చెప్తన్నా!”

బస్సు ఎక్కబోయే జనం బస్సు వదిలేసి చుట్టూ చేరారు. అమీనా బీ మొహం చిన్నబోయింది. భర్త పోయినప్పటి నుంచి ఆ బండి మీద బతుకుతున్న మనిషి, ప్రాణం మాట పడేసరికి బెదిరిపోయింది. “నాకెందుకక్కా? నీ మొగుడు, నీ ఇష్టం. ఇకనుంచి ఇవ్వను. అల్లా మీద ఒట్టు” అంది. గురునాథం బుగ్గలో పండు ఎప్పుడు మింగాడో ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చాక ప్రమీలమ్మ అరవలేదు. ఏడ్చింది. అరిస్తే గురునాథం తట్టుకోగలడు, అలవాటున్న పని. ఏడిస్తే ఏం చేయాలో అతనికి తెలియదు. ఆమెకు నిజంగా భయం వేసింది. నెలల తరబడి లోపలికి పోయిన పాషాణమంతా ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం అది. ఆ మనిషి లేకపోతే తనకు బతుకు లేదు. ఆ మాట ఆమె ఎన్నడూ అతనితో అనలేదు, ఆ రోజూ అనలేదు. “నేనేమన్నా నీకు శత్రువునా?” అని మాత్రం అంది.

“తప్పైందే” అన్నాడు గురునాథం. “ఇక తినను.”

అన్నట్టే తినలేదు. బస్టాండు దారి మానేసి గోడౌన్ల వెనక నుంచి తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తప్పు జరిగిపోయింది కాబట్టి విరుగుడు కావాలి. తల్లి పసరు మందులో కూడా పథ్యం తప్పినవాడికి రెండో మోతాదు ఉండేది. అందుకని ప్రమీలమ్మ సాయంత్రం పూట ఇంకో బిళ్ళ మొదలుపెట్టించింది. తిన్న పండ్లన్నీ ఒంటేలుకు కొట్టుకుపోవాలి కదా. గురునాథం మింగాడు.

ఆ తర్వాతి కథ శరీరం చెబుతూనే వచ్చింది. వినేవాళ్ళు లేరు. ముందు పిక్కలు పట్టేయడం మొదలైంది. నిద్రలో కాలు ముడుచుకుపోయి అమ్మా అని లేచేవాడు. ప్రమీలమ్మ నూనె వేడిచేసి మర్దనా చేసింది, “చెడంతా కాళ్ళలోకి దిగతంది, దిగనీ” అంది. తర్వాత నీరసం. కుర్రాళ్ళతో సమానంగా బండ కింద చెయ్యేసే మేస్త్రీ, స్టూలు తెప్పించుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అది కూడా మంచికే అనుకుంది ఆమె, ఒంట్లో కొవ్వు కరుగుతోందట. ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించి, “చూడండి, ఎంత సన్నబడ్డాడో” అని మురిసిపోయింది.

ఒకనాడు అన్నం ముందు కూర్చుని గురునాథం ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏందే, లోపల ఒక దెబ్బ తప్పిపోతంది. ఆగినట్టయితది. మళ్ళీ ఒక్కసారే ధన్‌మని కొడతది.”

ప్రమీలమ్మ గరిటె పక్కన పెట్టింది. వెంటనే జమాల్‌ను పిలిపించింది. ఆ విషయంలో ఆమె ఆలస్యం చేసే మనిషి కాదు. జమాల్ మిషను పట్టీ చుట్టి మీట నొక్కాడు. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి, ముందెన్నడూ లేనంత తక్కువ. తెర మూలన చిన్న గుండె గుర్తు మాత్రం మిణుకు మిణుకుమంటూ ఆగలేదు. జమాల్ దాన్ని వేలితో తట్టాడు. బ్యాటరీలు అయిపోవచ్చాయనుకుని కొత్తవి వేశాడు. గుర్తు మళ్ళీ మిణుకుమంది. గుండె వరస తప్పితే అది అట్లా వెలుగుతుందని అతనికి తెలియదు. “మిషను పాతదైంది. బీపీ అయితే సూపర్ పెద్దమ్మా. గుండె సంగతి మాత్రం ఒకసారి నరసరావుపేట పోయి చూపించండి” అన్నాడు.

సూపర్ అన్న మాట దగ్గరే ప్రమీలమ్మ వినడం ఆపేసింది. ఆదివారం పోదాంలే అనుకున్నారు. ఆదివారానికి ముందు శుక్రవారం ఉంటుంది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం యార్డులో గురునాథం స్టూలు మీద నుంచి లేచి, వెనక్కి వస్తున్న లారీకి చెయ్యి ఊపుతూ, ఊపుతున్న చెయ్యి అట్లాగే పైకి ఉండగా నేల మీద పడిపోయాడు. డ్రైవరు బ్రేకు వేయబట్టి సరిపోయింది. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచాడు, మళ్ళీ తేలేశాడు. అంబులెన్సు వచ్చేసరికి ప్రమీలమ్మ బడి నుంచి వంట చీరతోనే పరిగెత్తుకొచ్చింది. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా అతని చెయ్యి వదల్లేదు. దారి పొడవునా ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండా, “ఆ పండ్లే, ఆ పండ్లే ఈ పని చేశాయి” అంటూనే ఉంది.

ఆసుపత్రిలో గురునాథం ఛాతీకి వైర్లు తగిలించారు. మంచం పక్కన తెర మీద పచ్చటి గీత కొంత దూరం బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి పిచ్చి పట్టినట్టు ఎగిరి, మళ్ళీ దారిలో పడుతోంది. అది ఎగిరినప్పుడల్లా నర్సులు తిరిగి చూస్తున్నారు. వాళ్ళు తిరిగి చూసినప్పుడల్లా ప్రమీలమ్మ లేచి నిలబడుతోంది. రక్తం తీసుకెళ్ళారు, సెలైనులో ఏదో కలిపి చుక్క చుక్కగా ఎక్కించడం మొదలుపెట్టారు.

రిపోర్టు పట్టుకుని డాక్టరు సుకన్య వచ్చింది. “అమ్మా, ఈయన రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. గుండె వరస తప్పకుండా కొట్టుకోవాలంటే అది సరిపడా ఉండాలి. నేనిచ్చిన బిళ్ళ ఉప్పుతో పాటు దాన్ని కూడా కొంచెం కొంచెం బయటికి పంపిస్తుంది. అందుకే రక్తపరీక్షకు రమ్మన్నాను. అయినా ఒక్క బిళ్ళకు ఇంతగా పడిపోదే! వాంతులు, విరేచనాలు ఏమైనా అయ్యాయా?”

“లేదు డాక్టరమ్మా.”

“బిళ్ళలు ఎన్ని వేసుకుంటున్నాడు?”

మంచం మీద నుంచి గురునాథం సన్నగా అన్నాడు, “రెండమ్మా. నేనే మర్చిపోయి...”

“ఆయన మర్చిపోలా. నేనే వేశా” అంది ప్రమీలమ్మ. అబద్ధమాడే అవసరం ఆమెకు కనిపించలేదు. తప్పు ఎవరిదో ఆమెకు స్పష్టంగా తెలుసు, ఇప్పుడు డాక్టరుకు కూడా తెలియాలి. “మీకు తెలవదు డాక్టరమ్మా. నేను గుంటూరు పథ్యం పెట్టా. కూరలన్నీ రెండుసార్లు వార్చా. అరటిపండు, కొబ్బరినీళ్ళు, టమాటా, ఏదీ ఇంట్లోకి రానీలా. ఎంత కట్టుదిట్టంగా చేసినా ఏం లాభం? ఈయన నాకు తెలవకుండా దొంగచాటుగా రోజూ అరటిపండ్లు మింగాడు. బోండాలు తాగాడు. అడగండి, కాదనమనండి! అందుకే ఇట్టా అయింది.”

గురునాథం కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు ఎదుట పరువు పోయిందన్న బాధ అతని మొహంలో కనిపించింది.

డాక్టరు సుకన్య కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇప్పటికీ తింటున్నాడా?”

“ఎక్కడ తింటాడు? నేను పట్టుకున్నా గదా. ఆరోజు నుంచి ఒట్టేసి మానేశాడు.”

“ఎప్పుడు పట్టుకున్నారు?”

“ఈ నెల మొదట్లో.”

“పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ, ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయి?”

ప్రమీలమ్మ నోరు తెరిచింది. అవన్నీ అతను పండ్లు మానేశాకే మొదలయ్యాయి. ఆమె మొగుడి వంక చూసింది, సెలైను చుక్కల వంక చూసింది.

“అమ్మా, ఆ గుంటూరు పథ్యం కిడ్నీలు చెడిపోయినవాళ్ళది” అంది డాక్టరు, గొంతు తగ్గించి. “వాళ్ళ ఒంట్లోంచి పొటాషియం బయటికి పోదు, అందుకని తినకూడదు. మీ ఆయనకు పోతూనే ఉంది. ఆ మనిషి తింటే చచ్చిపోయే పండు, ఈ మనిషికి కావాలి. కూరల్లోంచి మీరు వార్చి పారబోసింది కూడా అదే. ఇన్నాళ్ళూ ఈయన్ని కాపాడింది మీరు పట్టుకున్న ఆ దొంగతనమేనమ్మా.”

కోప్పడి ఉంటే బాగుండేది. ప్రమీలమ్మ కోపానికి ఎదురు నిలబడగలదు. డాక్టరు లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, భయం లేదు, ఈ రెండు రోజులూ జాగ్రత్తగా చూస్తామని చెప్పి వెళ్ళిపోయింది.

ప్రమీలమ్మ వరండాలోకి వచ్చి గోడకు జారగిలబడింది. తప్పెక్కడ జరిగిందో వెతకడం ఆమెకు కొత్త కాదు, జీవితమంతా ఎదుటివాళ్ళ చేత వెతికించిన మనిషి. ఇప్పుడు వెతుకుతుంటే ఎటు పోయినా తనే ఎదురవుతోంది. ఆటోలోంచి దూకింది తను. నోట్లోని పండును పాషాణమన్నది తను. సాయంత్రం మంచినీళ్ళ గ్లాసుతో రెండో బిళ్ళ చేతికిచ్చింది తను. వీటన్నిటికంటే ఆమెను ముల్లులా గుచ్చింది ఇంకొకటుంది. తినొచ్చని డాక్టరు చెప్పిన మాట గురునాథం కూడా విన్నాడు. ‘డాక్టరు తినమంది గదే’ అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. దొంగలా తిన్నాడు, దొంగలా దొరికాడు, తప్పైందన్నాడు. గుండె తప్పి కొట్టుకుంటున్నా ఆమె ఇచ్చిన బిళ్ళ ఆమె ముందే మింగాడు. తన మాట వినీ వినీ ఈ మనిషి చచ్చిపోబోయాడు. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఏడుపు వచ్చింది. ఈసారి అది ఎవరికీ వినిపించడానికి ఏడ్చిన ఏడుపు కాదు.

మర్నాటికి గీత నెమ్మదించింది. ఆ మర్నాటికి దాదాపు సరిగ్గా నడిచింది. వైర్లు కొన్ని తీసేశారు. పాత బిళ్ళ ఆపేశామని, వేరేది ఇస్తున్నామని, దానికీ రక్తపరీక్ష ఉంటుందని డాక్టరు రెండుసార్లు చెప్పింది. ప్రమీలమ్మ రెండుసార్లూ పూర్తిగా వింది. పథ్యం ఏందని అడగలేదు. అడగకుండా ఉండటానికి ఆమె పళ్ళు బిగపట్టడం నర్సు చూసి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగింది.

“ఆయనకి ఒక అరటిపండు పెట్టొచ్చమ్మా” అంది ఆ నర్సే.

ప్రమీలమ్మ కిందికి వెళ్ళి గేటు ముందు బండి దగ్గర నిలబడింది. ఎవరైనా తనను చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. పండు కొని, కొంగులో పెట్టుకుని పైకి తెచ్చింది. గురునాథం దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్ళు లోతుకు పోయాయి, కానీ మొహంలోకి మనిషి తిరిగొచ్చాడు. ఆమె మంచం అంచున కూర్చుని తొక్క వొలిచింది. పండుకు అంటిన పీచు కూడా తీసింది. వొలిచిన పండు అతని చేతిలో పెట్టింది.

గురునాథం పండు వంక చూడలేదు. ఆమె వంక చూశాడు.

“తినమంటావా?” అన్నాడు.

వెటకారం కాదు, దెప్పిపొడుపు కాదు. ఇన్నేళ్ళుగా కంచం ముందు ఎట్లా అడిగాడో అట్లాగే అడిగాడు. ప్రమీలమ్మ చేతిలోని తొక్కను మడిచింది.

“నన్నడగమాకయ్యా” అంది. “ఇక మీదట ఏదీ నన్నడగమాకు. నీకు తినబుద్ధయితే తిను.”

గురునాథం ఆ మాట మీద ఆలోచించాడు. ఇది కొత్త పథ్యమేమో, ఇందులో ఎక్కడ తప్పితే ఏమవుతుందో అన్నట్టు ఆలోచించాడు.

“నిన్నడక్కపోతే ఎవర్నడగాలే?” అన్నాడు.

ప్రమీలమ్మ మంచం అంచు మీద నుంచి లేచింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. అతను మాత్రం వొలిచిన పండు చేతిలో పట్టుకుని, ఆమె ఇటు తిరిగి తినమని చెప్పేదాకా, ఆకలితో అట్లాగే కూర్చున్నాడు.